నిమ్మ, బత్తాయి అంటుకు ఏ వేరుమూలం? తెగుళ్లను ముందు పెట్టుకుని ఒక పోలిక

2021 నవంబరు వానలు వెలిసి పెన్న శాంతించిన తరువాత, పొదలకూరు దగ్గరి మా నిమ్మతోటలో పల్లపు మూలనున్న చెట్లు సంక్రాంతి నాటికి పసుపు తిరిగాయి. జింకు లోపమనుకుని మొదట రెండు పిచికారీలు చేయించాను. ఫిబ్రవరిలో ఒక చెట్టు మొదట్లో మట్టి తీసి బెరడును కత్తితో గీకితే, లోపల తెల్లగా ఉండవలసిన భాగం గోధుమరంగుకు మారి, మెత్తబడి, పులిసిన వాసన వేసింది. సన్నని వేరొకటి వేళ్ల మధ్య పట్టి లాగితే పై తోలు ఊడి చేతికి వచ్చింది, లోపల దారంలాంటి నార మాత్రం చెట్టుకే మిగిలింది. వేసవి ముగిసేలోపు పదకొండు చెట్లు పోయాయి. అదే వరుసలో రెండడుగుల మెరకనున్న చెట్లకు ఏమీ కాలేదు. ఆ మొక్కలు రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టినవని అమ్మిన నర్సరీ వారు చెప్పారు. చచ్చిన చెట్లలో ఒకదానికి అంటు కిందనుంచి లేచిన పిలక రెమ్మ మీద ఒక కాయ ఉంది. పసుపుపచ్చగా, తోలంతా గడ్డలుగడ్డలుగా ఉన్న ఆ కాయ రంగపూర్ నిమ్మది కాదు, జంబేరి అనే ఇంకో నిమ్మజాతి మొక్కది.

కనిగిరి పక్కన బత్తాయి పెట్టబోతున్న మా బావమరిది ఫోను చేసిన ప్రతిసారీ "ఏ రూట్‌స్టాక్ మంచిది బావా?" అని అడుగుతుంటాడు. అంటు కింద వేర్లనిచ్చే మొక్కే రూట్‌స్టాక్, అంటే వేరుమూలం. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: నీ నేలలో చెట్టును చంపబోయేది ఏది? నీరు నిలవడమా, ఉప్పునీరా, పాత తోటలో మిగిలిన నులిపురుగులా, ఎవరో తెచ్చిన అంటుకత్తి మీది వైరసా? దీనికి జవాబు దొరికితే వేరుమూలం దానంతట అదే తేలుతుంది. ఇది తేల్చకుండా నర్సరీకి వెళితే అక్కడ ఏది మిగిలిందో అదే మంచిదని చెబుతారు.

వేరుమూలం దేనికి అడ్డుపడుతుంది, దేనికి పడదు

నిమ్మజాతి తోటలకు వచ్చే రోగాలను మూడు గుంపులుగా చూస్తే ఎంపిక సగం సులువవుతుంది. నేలలోంచి వేరుకు, మొదలుకు పట్టేవి ఒకటి, గాలివానతోనో పురుగుతోనో ఆకుకు పట్టేవి రెండు, అంటు కట్టేటప్పుడే మొక్కలోకి దూరేవి మూడు.

మొదటి గుంపులో ముఖ్యమైనది ఫైటాఫ్తోరా అనే, శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి. బంక తెగులు, మొదలు కుళ్లు, సన్నవేర్ల కుళ్లు దీని పనులే. దీని బీజాలు నీటిలో ఈదుతాయి కనుక నేల తడిగా ఉండటం కన్నా పాదులో నీరు నిలవడమే దానికి కావలసింది. రెండోది ఫ్యుజేరియం వంటి శిలీంధ్రాల వల్ల వచ్చే ఎండు వేరుకుళ్లు. మూడోది నిమ్మజాతి వేర్లను పీల్చే నులిపురుగు. వేరుమూలం మార్చడం వల్ల స్పష్టమైన తేడా కనిపించేది ప్రధానంగా ఈ గుంపులోనే, అందులోనూ ఎండు వేరుకుళ్ల విషయంలో ఆ తేడా చాలా తక్కువ.

రెండో గుంపులో గజ్జి తెగులు, శంఖు తెగులు ఉన్నాయి. గజ్జి బాక్టీరియా గాలివానకు ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు చిమ్ముతుంది, లేత చిగురులో పాముపొడ పురుగు చేసిన గాయాల్లోంచి సులువుగా లోపలికి పోతుంది. కింది వేరు ఏదైనా దానికి పట్టింపు లేదు. నిమ్మకు గజ్జి భయం ఉన్నవారు చూడవలసింది పైన కట్టే రకాన్ని. తిరుపతి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బాలాజీ రకం గజ్జిని కొంత తట్టుకునేదిగా పేరు తెచ్చుకున్నది అందుకే. శంఖు తెగులును సిల్లా పురుగు మోసుకువస్తుంది. దాన్ని నమ్మకంగా ఆపగల వేరుమూలం మార్కెట్‌లో లేదు. "ఈ రూట్‌స్టాక్ మీద గజ్జి రాదండీ" అని ఎవరైనా చెబితే ఆ నర్సరీలో ఇంకేమీ అడగకుండా బయటికి రావచ్చు.

ట్రిస్టెజా వైరస్ ఏ గుంపులోనూ పూర్తిగా ఇమడదు. పేనుబంక దాన్ని చెట్టునుంచి చెట్టుకు మోస్తుంది, అంటుకన్ను ద్వారానూ వస్తుంది, కాని చెట్టు బతకడమో చావడమో పైన ఏముంది, కింద ఏముంది అన్న జోడీని బట్టి ఉంటుంది. పుల్ల నారింజ మీద కట్టిన బత్తాయికి ఈ వైరస్ సోకితే అంటు దగ్గర ఆహారనాళాలు చెడి, వేర్లకు తిండి అందక చెట్టు ఎండిపోతుంది. అదే బత్తాయి రంగపూర్ మీద ఉంటే వైరస్ ఒంట్లో ఉన్నా కాపు కాస్తూనే ఉంటుంది. నిమ్మ సంగతి వేరు. నిమ్మ తానే ఈ వైరస్‌కు ఎంత సున్నితమంటే, ఇతర చెట్లలో ట్రిస్టెజా ఉందో లేదో తేల్చడానికి ప్రపంచమంతటా నిమ్మ మొక్కనే పరీక్ష మొక్కగా వాడుతూ వచ్చారు. ఆకు ఈనెలు తేటబడటం, ఆకు దోనెలా మడవడం, బెరడు తీస్తే కర్ర మీద గుంటలు పడి ఉండటం దాని గుర్తులు. కనుక నిమ్మరైతు వేరుమూలం మార్చి ట్రిస్టెజానుంచి తప్పించుకోలేడు, బత్తాయి రైతు చాలావరకు తప్పించుకోగలడు. నిమ్మకు, బత్తాయికి ఒకే సలహా ఇచ్చేవారు ఈ తేడాను పట్టించుకోరు.

ఇక అంటుకత్తితో వచ్చేవాటిలో ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ (వైరస్ కన్నా చిన్న రోగకారకం) ఉంది. దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, మన ప్రాంతంలో ఎక్కువగా వాడే రంగపూర్ నిమ్మే దీనికి లొంగుతుంది. వేరుమూలం బెరడు పెచ్చులుగా లేచి చెట్టు గిడసబారుతుంది. తల్లిచెట్టు శుభ్రమైనదైతే, కత్తిని చెట్టుచెట్టుకూ మధ్య బ్లీచింగ్ ద్రావణంలో ముంచితే ఈ బెడద ఉండదు.

రెండు వేరుకుళ్లను వేరుగా గుర్తించాలి

పోలికకు వెళ్లేముందు, పాత తోట ఎందుకు పోయిందో తెలుసుకోవడం మీద కొంత సమయం పెట్టమని అడుగుతాను. వేరుకుళ్లు అని అందరూ ఒకే మాట వాడతారు, కాని తవ్విచూస్తే రెండూ రెండు రకాలుగా కనిపిస్తాయి. ఫైటాఫ్తోరా పట్టిన చెట్టు మెల్లగా పాలిపోయి, ఆకు రాల్చి, పలచబడుతుంది. మొదట్లో బెరడు పగిలి బంక కారుతుంది. వానకు బంక కడిగేసుకుపోతుంది కనుక వానాకాలంలో కనిపించకపోవచ్చు. సన్నవేర్ల తోలు ఊడి నార మిగులుతుంది. ఎండు వేరుకుళ్లు పట్టిన చెట్టు అప్పటిదాకా బాగానే ఉండి, కొద్దిరోజుల్లో నిలువునా వాడిపోతుంది. ఆకులు రాలకుండా చెట్టుకే ఎండి వేలాడతాయి. పెద్దవేరును అడ్డంగా నరికితే కర్ర బూడిద, ఊదా రంగులు కలిసినట్టు ఉంటుంది, బంక ఉండదు.

మొదటిదానికి వేరుమూలం మార్పు పనిచేస్తుంది. రెండోదానికి వేరుమూలం కన్నా సేద్యం ముఖ్యం. ట్రాక్టరు గొర్రుతో చెట్ల దగ్గరిదాకా లోతుగా దున్నించి వేర్లు తెంపడం, వేసవి కాపు కోసం తోటను తీవ్రమైన బెట్టకు వదిలి ఆ వెంటనే ముంచెత్తేలా నీరు పెట్టడం, ఈ రెండూ ఆ శిలీంధ్రానికి తలుపు తీస్తాయి. ఏప్రిల్, మే ధరలు అందుకోవాలని మనవాళ్లు సెప్టెంబరులో నీరు ఆపుతారు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం ఒక్కసారిగా కురుస్తుంది. ఎండిన వేరు మీద వరద పడటం నెల్లూరు తోటలకు ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది, ఇతర జిల్లాల సలహా పుస్తకాల్లో దీనికి చోటు ఉండదు.

ఒక చూపులో

| వేరుమూలం | బంక తెగులు, ఫైటాఫ్తోరా వేరుకుళ్లు | ట్రిస్టెజా (పైన బత్తాయి ఉంటే) | నులిపురుగు | బెట్ట, ఉప్పునీరు |
|---|---|---|---|---|
| రంగపూర్ నిమ్మ | మధ్యస్థం. నీరు నిలిస్తే లొంగుతుంది | తట్టుకుంటుంది | లొంగుతుంది | రెంటినీ బాగా తట్టుకుంటుంది |
| జంబేరి | త్వరగా లొంగుతుంది | తట్టుకుంటుంది | లొంగుతుంది | బెట్టకు బాగు, ఉప్పుకు బలహీనం |
| పుల్ల నారింజ | బాగా తట్టుకుంటుంది | చెట్టు చచ్చిపోతుంది | లొంగుతుంది | మధ్యస్థం |
| క్లియోపాత్రా కమలా | మధ్యస్థం | తట్టుకుంటుంది | లొంగుతుంది | ఉప్పుకు చాలా బాగు |
| మూడాకుల నారింజ | బాగా తట్టుకుంటుంది | వైరస్‌ను నిరోధిస్తుంది | నిరోధిస్తుంది | రెంటికీ ఆగదు |
| నిమ్మ గింజ మొక్క (సొంత వేరు) | లొంగుతుంది | వర్తించదు. నిమ్మ తానే లొంగుతుంది | లొంగుతుంది | మధ్యస్థం |

పట్టికలో "తట్టుకుంటుంది" అన్న మాటకు రోగం రాదని అర్థం చెప్పుకోకూడదు. రోగం వచ్చినా కాపు ఆగదని మాత్రమే దాని భావం.

రంగపూర్ నిమ్మ

ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న రంగపూర్ పేరు మీద పిలిచే ఈ మొక్క చూడటానికి నిమ్మలా ఉన్నా కాయ కోస్తే కమలాలా ఎర్రగా ఉంటుంది, తొన సులువుగా విడుతుంది. రాష్ట్రంలో సాత్‌గుడి బత్తాయికి ఎక్కువగా సిఫారసు చేసే వేరుమూలం ఇదే. బెట్టకు నిలబడటం, ఉప్పునీటిలోని క్లోరైడును ఆకుదాకా పోనీయకుండా చాలావరకు వేర్లలోనే ఆపడం, ట్రిస్టెజా ఉన్నా కాపు తగ్గకపోవడం దీని బలాలు. కాయ నాణ్యత కూడా జంబేరి మీద కన్నా మెరుగ్గా ఉంటుంది.

కనిగిరి, పామూరు, వెలిగండ్ల వైపు బోరునీటితో బత్తాయి వేసేవారికి నేను రెండో ఆలోచన లేకుండా చెప్పేది దీన్నే. ఆ ప్రాంతపు నీరు ఫ్లోరైడుకు పేరుపడింది గాని చెట్టుకు నేరుగా తగిలేది దానిలోని ఉప్పు. నిమ్మజాతి పంటలకు నీటి విద్యుద్వాహకత (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 1.1 డెసీసైమన్ దాటినప్పటినుంచి దిగుబడి తగ్గడం మొదలవుతుందని నీటి నాణ్యత లెక్కలు చెబుతాయి. ఉప్పుతో నలిగిన వేరు ఫైటాఫ్తోరాకు కూడా తొందరగా దొరికిపోతుంది. అందువల్ల అక్కడ ఉప్పును తట్టుకోవడం కూడా రోగనిరోధకం కిందికే వస్తుంది. బోరు వేసిన రోజే నీరు ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపడం, వేరుమూలం ఎంపికలో మొదటి పని.

దీని లోపాలు కూడా చెప్పాలి. నులిపురుగుకు అడ్డు లేదు. ఎక్సోకార్టిస్‌కు లొంగుతుంది. నీరు నిలిచే నేలలో బంక తెగులుకు జంబేరి కన్నా కొంత ఆలస్యంగా పడుతుంది, కాని పడుతుంది. "రంగపూర్ కదా, ఏమీ కాదు" అని వరిచేను పక్కన నాటినవారు మోసపోయారు.

జంబేరి

గింజ సులువుగా మొలుస్తుంది, నర్సరీలో వేగంగా పెన్సిలు లావు తేలుతుంది, అంటు తొందరగా అతుకుతుంది. కాబట్టి నర్సరీ వారికి ఇది ఇష్టమైన మొక్క. మీరు చూడని సమయంలో మీ సంచిలోకి ఇదే చేరడానికి కారణం కూడా అదే. లోతైన ఇసుక నేలలో, నీరు ఎప్పుడూ నిలవని చోట, బెట్టను బాగా తట్టుకుని చెట్టును పెద్దది చేస్తుంది. బత్తాయి జంబేరి మీద ఉంటే కాయ పెద్దగా, తోలు మందంగా, రసం తీపి తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. నిమ్మకు తీపి పట్టింపు లేదు కనుక ఈ లోపం పెద్దగా లెక్కలోకి రాదు. మొదలు కుళ్లుకు మాత్రం ఇది చాలా బలహీనం. చెట్టు గుబురుగా పెరిగి చిగురు మీద చిగురు వేస్తుంది కనుక నిమ్మలో పాముపొడకూ దాని వెంట గజ్జికీ మేత ఎక్కువ. నా పదకొండు చెట్ల అనుభవం వల్ల దీని మీద నాకు కొంత పగ ఉందని పాఠకులు గ్రహించి చదువుకోవాలి. మెరకలో అదే జంబేరి మీది చెట్లు ఈనాటికీ కాస్తున్నాయి.

నిమ్మ గింజ మొక్క

పొదలకూరు, రాపూరు, సైదాపురం, గూడూరు చుట్టూ ఉన్న పాత నిమ్మతోటల్లో చాలావాటికి వేరుమూలం అనే ప్రశ్నే లేదు, గింజ వేసి పెంచిన మొక్కలే నాటారు. నిమ్మ గింజలో ఒకటికి మించిన పిండాలుంటాయి, వాటిలో ఎక్కువభాగం తల్లి కణాలనుంచే పుడతాయి. అందువల్ల గింజ మొక్క తల్లినే పోలి ఉంటుంది, నారుమడిలో తేడాగా కనిపించే మొక్కలను, మరీ బలహీనమైనవాటిని ఏరివేస్తే చాలు.

తెగుళ్ల వైపునుంచి దీనికున్న పెద్ద లాభం ఎవరూ చెప్పరు. ట్రిస్టెజా గింజ ద్వారా రాదు, అంటుకత్తి తగలదు కనుక ఎక్సోకార్టిస్ కూడా రాదు. మొక్క శుభ్రంగా మొదలవుతుంది. తరువాత పేనుబంక వైరస్‌ను తెచ్చే వరకూ ఆ శుభ్రత నిలుస్తుంది. రెండో లాభం, అంటు కింద రోగం వచ్చి పైభాగం పోతే మిగిలేది పనికిరాని వేరుమూలపు పిలక. గింజ మొక్కలో అయితే మొదలునుంచి లేచిన రెమ్మ కూడా నిమ్మే.

నష్టాలు తక్కువేమీ కావు. అంటు మొక్క మూడో ఏటికి కాపు చూపిస్తే ఇది నాలుగు, ఐదేళ్లు తీసుకుంటుంది. ముళ్లు ఎక్కువ, చెట్టు నిటారుగా పోతుంది. సొంత వేరుకు బంక తెగులు పట్టడంలో జంబేరికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. దిగువ నేలలో నాటితే దీన్ని కాపాడేది ఎత్తైన బోదె మాత్రమే.

గింజ మొక్కే కావాలనుకునేవారు వెంకటగిరి పక్కన పెట్లూరులోని నిమ్మ పరిశోధన కేంద్రంవంటి చోటునుంచి, తల్లిచెట్టు తెలిసిన విత్తనంతో పెంచిన మొక్క తెచ్చుకోవడం మంచిది. పెట్లూరు సెలక్షన్-1 రకం అక్కడిదే. సంతలో గంపలో అమ్మే నారుకు తల్లి ఎవరో తెలియదు. నిమ్మకు గజనిమ్మ మీద అంటు కట్టే పద్ధతి కూడా మన రాష్ట్రంలో ఉంది, అది కావాలనుకునేవారు మొక్కలు కొనేముందు పెట్లూరు శాస్త్రవేత్తలను అడిగి మాట్లాడుకోవాలి.

మిగిలిన మూడు, వాటి వెనక ఒక చరిత్ర

పుల్ల నారింజ బంక తెగులుకు మంచి మందులాంటిది కనుక ఒకప్పుడు దక్షిణ అమెరికా అంతా దాని మీదే బత్తాయి జాతులు కట్టేవారు. 1930, 40 దశకాల్లో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో లక్షలాది చెట్లు ఎండిపోయాయి. ఆ రోగానికి అక్కడివారు పెట్టిన పేరే ట్రిస్టెజా, వాళ్ల భాషలో దిగులు అని అర్థం. బ్రెజిల్ రైతులు అప్పుడు రంగపూర్ నిమ్మకు మారి బాగుపడ్డారు. మారినవారు మారినట్టే అందరూ దాన్నే నాటారు. 1999లో అక్కడ రంగపూర్ మీది చెట్లను హఠాత్తుగా చంపే ఇంకో రోగం బయటపడింది, దాంతో క్లియోపాత్రా వంటివాటి మీదికి మళ్లవలసి వచ్చింది. ఐదెకరాలు పైబడి నాటేవారు ఒకే వేరుమూలం మీద మొత్తం పెట్టకుండా, కనీసం ఒక ఎకరా వేరేదాని మీద పెట్టాలని నేననడానికి ఇదే కారణం.

మనదగ్గర బత్తాయికి పుల్ల నారింజను ఎవరు అంటగట్టినా తీసుకోకూడదు, ఇక్కడ ట్రిస్టెజా ఉంది, దాన్ని మోసే పేనుబంకా ఉంది. మూడాకుల నారింజను పట్టికలో చూస్తే అన్ని రోగాలకూ జవాబులా కనిపిస్తుంది. అది చలిదేశపు మొక్క. సున్నం ఉన్న మన నేలల్లో ఇనుము, జింకు అందక పాలిపోతుంది, మన ఎండను బెట్టతో కలిపి భరించలేదు. రోగం నుంచి తప్పించి ఆకలితో చంపడం లాంటిది. క్లియోపాత్రా ఉప్పుకు గట్టిది, కాని కాపుకు చాలా ఆలస్యంగా వస్తుంది. బాకీ తీర్చుకుంటూ తోట పెంచేవారికి అది బరువు. ఉప్పు రంగపూర్ కూడా భరించలేనంత ఉంటే తప్ప దాని జోలికి పోనక్కరలేదు. మెక్సికో నిమ్మతోటల్లో మాక్రోఫిల్లా అనే ఇంకో వేరుమూలం బాగా నడుస్తుంది. అది బంక తెగులును ఆపుతుంది గాని ట్రిస్టెజాకు తానే లొంగుతుంది.

ఒక తెగులును ఆపే వేరు ఇంకో తెగులుకు తలుపు తీయడం నిమ్మజాతికే పరిమితం కాదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పీచ్ తోటల్లో నెమాగార్డ్ అనే వేరుమూలం వేరుబుడిపె నులిపురుగును చక్కగా ఆపింది. అక్కడి ఇసుక నేలల్లో ఉండే ఇంకో జాతి, రింగు నులిపురుగు మాత్రం దాని మీది చెట్లను బలహీనపరచింది, చలికీ బాక్టీరియా పుండుకూ చెట్లు వయసులోనే చచ్చాయి. తరువాత వచ్చిన గార్డియన్ ఆ అకాలమరణాన్ని బాగా తగ్గించింది గాని ఆర్మిలేరియా అనే వేరుకుళ్లు ఉన్న నేలలో అదీ నిలబడలేదు. అక్కడి రైతు కూడా నేలలో ఏముందో తెలుసుకున్నాకే మొక్క అడుగుతాడు.

ఎవరికి ఏది

మెరక ఎర్రనేల, మంచి నీరు, నిమ్మ: ఇక్కడ మీకు నిజంగా స్వేచ్ఛ ఉంది. తొందరగా రాబడి కావాలంటే రంగపూర్ మీది అంటు, ఖర్చు తగ్గించి ఎక్కువకాలం ఓపిక పట్టగలిగితే గింజ మొక్క. ఆరు మీటర్ల ఎడంతో ఎకరాకు 110 మొక్కల పైచిలుకు పడతాయి కనుక మొక్క ధరలో తేడా మొదట పెద్దదిగా కనిపిస్తుంది, మూడో ఏటి కాపుతో పోలిస్తే చిన్నది.

కండలేరు, సోమశిల కాలవల కింద, పక్కన వరి ఉన్న చేను: ఇక్కడ వేరుమూలం గురించి అడగడం తొందరపాటు. ముందు మూడడుగుల గుంత తీసి నీరు నింపి మర్నాడు అదే వేళకు చూడండి. నీరు ఇంకా ఉంటే ఏ వేరుమూలమూ మిమ్మల్ని కాపాడదు. బోదెలు ఎత్తుగా పోసి, ఊట కాలవ తవ్వి, ఆ తరువాత రంగపూర్ పెట్టవచ్చు. జంబేరి, గింజ మొక్క రెండూ ఇక్కడ వద్దు. ఆ ఖర్చు భరించలేకపోతే వరే వేసుకోవడం మేలు, నిమ్మ ధర చూసి ఆశపడకూడదు.

కనిగిరి, పామూరు వైపు బోరు కింద బత్తాయి: రంగపూర్. నీటి పరీక్షలో ఉప్పు రంగపూర్‌కు మించితే క్లియోపాత్రా, మరీ ఎక్కువ వస్తే మొక్కను కాదు, పంటనే మార్చుకోవడం ఆలోచించాలి.

పాత నిమ్మజాతి తోట తీసేసిన చేను: ఇదే అన్నిటికన్నా చిక్కు. నులిపురుగూ ఫైటాఫ్తోరా రెండూ పాత వేరుముక్కల్లో కాచుకుని ఉంటాయి, మనకు పనికొచ్చే వేరుమూలాల్లో ఏదీ నులిపురుగును ఆపదు. వేర్లు ఏరించి, వేసవి ఎండకు నేల తిరగవేసి, రెండేళ్లు జొన్న, కంది వంటి పంటలు తీసి, కొత్త గుంతలను పాత గుంతల మధ్య ఖాళీలో తవ్వి, అప్పుడు రంగపూర్ నాటాలి. రెండేళ్లు ఆగలేనన్నవారి తోటలో మొదటి ఏడాది పెరుగుదల బాగుంటుంది. మూడో ఏడాది ఆకు చిన్నబడుతుంది. అప్పటికి చేయగలిగింది వేపపిండితో కాలం గడపడమే.

కొనేటప్పుడు, నాటేటప్పుడు

నర్సరీలో చెప్పిన మాటకు రుజువు అడగడానికి మొహమాటపడకూడదు. వేరుమూలం గింజ ఏ చెట్టునుంచి తీశారో ఆ చెట్టు చూపించమనండి, కాయ ఒకటి కోసి చూడండి: లోపల కమలారంగు ఉంటే రంగపూర్, లేత పసుపు ఉండి పైతోలు గరుకుగా ఉంటే జంబేరి. చెట్టు లేదంటే ఆ మొక్క పేరు వాళ్లు చెప్పినదని నమ్మడానికి ఆధారం లేదు. ఒక మొక్క సంచి చింపి వేర్లు చూడనివ్వమని అడగండి, దాని ధర మీరే ఇవ్వండి. తల్లివేరు కొక్కెంలా వంగి ఉన్నా, సన్నవేర్లు గోధుమరంగులో తోలు ఊడుతున్నా ఆ వరుస మొత్తం వదిలేయాలి. ఫైటాఫ్తోరా చాలా తోటలకు నర్సరీ సంచి మట్టితోనే వస్తుంది. అది లేని కొత్త చేనులోకి దాన్ని మనమే డబ్బిచ్చి తెచ్చుకుంటాం.

అంటు అతుకు నేలనుంచి జానెడు ఎత్తుకు తక్కువ ఉండకూడదు. ఈ ఒక్క కొలత తప్పితే వేరుమూలం ఎంపిక అంతా వృథా. బత్తాయి, నిమ్మ బెరడు బంక తెగులుకు లొంగేదే. అతుకు మట్టిలో పూడితే తట్టుకునే వేరు కింద ఎక్కడో ఉండి, లొంగే బెరడు తడిమట్టిలో నానుతుంది. నాటిన మొదటి ఏడాది గుంత మట్టి కుంగి మొక్క దిగిపోతుంది, వాన తరువాత వెళ్లి మట్టిని వెనక్కి లాగాలి. మా తోటలో మెరక చెట్లు బతకడానికి, పల్లంలోవి పోవడానికి మధ్య తేడా ఎంతవరకు వేరుమూలానిది, ఎంతవరకు పూడిపోయిన అతుకుదో విడదీసి చెప్పాలంటే, రెండోదానికే ఎక్కువ భాగం ఇస్తాను. జంబేరి అని తెలిసి ఉంటే ఆ మూల ఇంకా ఎత్తు చేసేవాణ్ని.

నీరు మొదలుకు తగలకుండా చెట్టు చుట్టూ లోపలి వలయం ఎత్తుగా, బయటి వలయంలో నీరు పారేలా రెండు వలయాల పాదు చేయాలి, డ్రిప్పు ఉంటే గొట్టాన్ని మొదలుకు దూరంగా జరపాలి. వానాకాలానికి ముందూ తరువాతా మొదలుకు రెండు, మూడడుగుల ఎత్తువరకు బోర్డోపేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు. ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాలను అణచే మేలుచేసే శిలీంధ్రం) రెండు కిలోలు, 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి తడిపి నీడలో ఉంచి చెట్లకు వేయడం కూడా అలవాటు చేసుకోవచ్చు, మొదటి లక్షణం కనిపించిన తరువాత కాకుండా నాటిన ఏడాదినుంచే. అంటు కింద లేచే పిలకలను వారం వారం గిల్లేయాలి. నాలాగా ఒకటి వదిలేస్తే మాత్రం, అది కాసేదాకా ఉంచి కాయ చూడండి.

మా బావమరిది ఈ ఏడాది బోరునీటి పరీక్ష చేయించాడు, ఫలితం చూసి రంగపూర్ మీది బత్తాయికి అడ్వాన్సు ఇచ్చాడు, కాయ కోసి చూశాకే. నా పల్లపు మూలలో చెట్లు నాటలేదు. అక్కడ గేదెలకు గడ్డి వేశాను, నవంబరులో మోకాలి లోతు నీళ్లు నిలిచినా అది పోలేదు.